ఒడిశా సరిహద్దు నుంచి ఏజీ బీఎస్సీలో చేరాలంటే: ముందు కాగితాలు, తర్వాత పరీక్ష

ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి నాకు ఏటా ఒకే ప్రశ్న పది రకాలుగా వస్తుంది. "మాది పర్లాకిమిడి. ఇంట్లో మాట్లాడేది తెలుగు. రేషన్ కార్డు ఒడిశాది. అమ్మాయి శ్రీకాకుళంలో బైపీసీ చదువుతోంది. ఏజీ బీఎస్సీకి ఎక్కడ రాయించాలి?" గుణుపూర్ నుంచి, రాయగడ నుంచి, బరంపురం నుంచి, జయపురం నుంచి కూడా ఇదే అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతున్నాను. అందుకే ఏజీ బీఎస్సీ, అంటే వ్యవసాయ డిగ్రీ గురించి అంతా ఒకచోట వరసగా రాస్తున్నాను.

మన వైపు పిల్లలకు మార్కులు ఉండి కూడా సీటు చేజారడం చాలాసార్లు చూశాను. కారణం దాదాపు ఎప్పుడూ కాగితమే. నేను కూడా అలాగే ఒక ఏడాది పోగొట్టుకున్నాను. ఇంటర్ రెండేళ్లు ఆంధ్రలో చదివాను కాబట్టి అక్కడ లోకల్ అవుతానని ఇంట్లో అందరం నమ్మాం. ఫారం నింపిన నెట్ సెంటర్ అతను కూడా అవుతుందనే అన్నాడు. ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్‌లో కాగితాలు చూసి పక్కన పెట్టేశారు. అప్పటికి ఒడిశా వైపు దరఖాస్తు గడువు దాటిపోయింది. ఆ వేసవి మా అమ్మ పేరంటాలకు కూడా వెళ్లలేదు. మీ ఇంట్లో అలా జరగకూడదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- పదో తరగతి సర్టిఫికెట్, ప్లస్ టూ లేదా ఇంటర్ మార్కుల మెమో
- ఆరో తరగతి నుంచి పన్నెండు వరకు చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, టీసీ నకలు
- ఒడిశా నివాస ధ్రువపత్రం. తహసీల్దార్ ఇస్తారు, ఈ-డిస్ట్రిక్ట్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు
- కులం, ఆదాయం ధ్రువపత్రాలు, వర్తిస్తేనే
- ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాస్‌పోర్టు ఫోటోలు ఒక డజను
- పనిచేసే ఒక ఫోన్ నంబరు, ఒక ఈమెయిల్. రెండూ మీవే అయి ఉండాలి

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. నెట్ సెంటర్ వాళ్ల నంబరు, వాళ్ల మెయిల్ ఇచ్చి దరఖాస్తు చేసిన పిల్లలకు కౌన్సెలింగ్ ఓటీపీ ఎవరికి వెళ్తుందో ఆలోచించండి. సీటు కేటాయించిన మెసేజ్ ఆ షాపు ఫోన్‌లోనే ఉండిపోతుంది.

1. కాగితం మీద మీరు ఏ రాష్ట్రం వారో తేల్చుకోండి

సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం మనకు పక్క వీధి లాంటిది. పెళ్లిళ్లు అటూ ఇటూ చేసుకుంటాం, సంతకు అటూ ఇటూ తిరుగుతాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం కాకముందు పర్లాకిమిడి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అడ్మిషన్ నియమాలకు మాత్రం ఈ చుట్టరికం తెలియదు.

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ఒక్కో ఏడాదికి ఒక్కో గీత వేసి, ఆ ఏడాది ఏ ఊళ్లో, ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో చదివారో రాయండి. అమ్మానాన్నలు ఎన్నేళ్లుగా ఎక్కడ ఉంటున్నారో కింద రాయండి. ఇప్పుడు చూడండి.

ఆంధ్రప్రదేశ్‌లో లోకల్ కావాలంటే ఇంటర్ చివరి ఏడాదితో ముగిసే నాలుగేళ్లు వరుసగా అక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది, రెండో ఏడాది. పదో తరగతి పర్లాకిమిడిలో చదివి, ఇంటర్ మాత్రమే శ్రీకాకుళంలోనో విశాఖలోనో చదివితే ఈ నాలుగేళ్ల లెక్క కుదరదు. లోకల్ వాళ్లకు కేటాయించని 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లు ఉన్నాయి కదా అని చాలామంది అంటారు. వాటికి కూడా విద్యార్థో తల్లిదండ్రులో పదేళ్లు ఆ రాష్ట్రంలో ఉండటం, తల్లిదండ్రులు అక్కడ ప్రభుత్వ ఉద్యోగం చేస్తుండటం వంటి షరతులు ఉన్నాయి. ఎవరైనా వచ్చి తీసుకునే సీట్లు కావవి. ఈ నియమాల్లో మార్పులు జరుగుతుంటాయి కాబట్టి ఆ ఏడాది బ్రోచర్‌లో ఆ పేజీ మీరే చదవాలి. పక్కింటివాళ్ల అబ్బాయికి మూడేళ్ల క్రితం వచ్చిందన్న మాట పట్టుకుని దరఖాస్తు చేయకండి.

ఒడిశా వైపు చూస్తే, తల్లిదండ్రులు ఇక్కడ స్థిరంగా ఉంటున్నవారైతే నివాస ధ్రువపత్రమే మీకు ఆధారం. ఇంటర్ బయట చదివినవారిని ఏ కాగితంతో, ఏ కేటగిరీలో తీసుకుంటారో అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది. ముందు ఆ భాగం తెరవండి.

ఎక్కువగా జరిగే తప్పు: రెండు రాష్ట్రాల్లోనూ నివాస ధ్రువపత్రం తీసుకోవడం. తాతగారి ఊరు టెక్కలి కదా అని అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి తెస్తారు. రెండూ బయటపడితే రెండు చోట్లా చిక్కే. ఎక్కడ నిజంగా ఉంటున్నారో అక్కడిది ఒక్కటే ఉంచుకోండి.

సరిచూసుకోవడం: పైన రాసిన కాగితంలో ప్రతి గీతకూ ఎదురుగా ఒక స్టడీ సర్టిఫికెట్ ఉండాలి. ఒక్క ఏడాది ఖాళీగా ఉన్నా ఈ వారమే ఆ బడికి వెళ్లండి. వేసవి సెలవుల్లో హెడ్మాస్టర్ దొరకరు.

2. పేరు, ఇంటిపేరు

మన కాగితాలకు మాత్రమే ఉండే ఇబ్బంది ఇది. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ చాలాసార్లు ఒక్క అక్షరమే. ఒడిశా బడిలో ఇంటిపేరు చివర రాస్తారు, పూర్తిగా రాస్తారు. ఆధార్‌లో ఒక వరస, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో వరస, బ్యాంకులో మూడోది. కంప్యూటర్ లెక్కలో వీళ్లు ముగ్గురు మనుషులు.

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరే ఆధారం అనుకోండి. మిగతావన్నీ దానికి తగ్గట్టు దిద్దించండి. ఆధార్ దిద్దడం తేలిక, బోర్డు సర్టిఫికెట్ దిద్దించడం నెలల పని. తండ్రి పేరు కూడా ఇలాగే చూడండి. నివాస ధ్రువపత్రంలో "రావు" ఉండి, మెమోలో లేకపోతే అడుగుతారు. అప్పటికప్పుడు తప్పించుకోవడానికి నోటరీ అఫిడవిట్ పనికొస్తుంది కానీ, అన్ని చోట్లా ఒప్పుకుంటారని నమ్మకం పెట్టుకోవద్దు.

కులం విషయంలో ఇంకొక జాగ్రత్త. ఏ రాష్ట్రం జాబితా ఆ రాష్ట్రానిదే. ఆంధ్రలో బీసీలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు, ఉన్నా వేరే పేరుతో ఉండవచ్చు. జాతీయ స్థాయి సీట్లకు ఓబీసీ అని పెట్టాలంటే కేంద్ర జాబితాలో ఒడిశా పేరు కింద మీ కులం ఉందో లేదో చూసుకుని, నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం కేంద్ర నమూనాలోనే తీసుకోవాలి. తేదీ కూడా ముఖ్యం. సాధారణంగా ఆ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినది అడుగుతారు. నిరుడు తీసిన కాగితం పట్టుకుని వెళ్లి ఓపెన్ కేటగిరీలో పడిపోయినవాళ్లు ఉన్నారు.

3. మీకు ఉన్న దారులు చూసి, కనీసం రెండింటికి దరఖాస్తు చేయండి

మొదటి దారి ఓయూఏటీ. భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయం 1962లో ఏర్పడింది. వ్యవసాయ కళాశాలలు భువనేశ్వర్‌లో, సంబల్‌పూర్ దగ్గర చిప్లిమాలో, కలహండి జిల్లా భవానీపట్నాలో ఉన్నాయి. ఒడిశా నివాసులకు ఇదే మొదటి ఎంపిక కావాలి, ఎందుకంటే మీ చేతిలో ఉన్న నివాస ధ్రువపత్రానికి నిజమైన విలువ ఇక్కడే. రాయగడ, కోరాపుట్ వాళ్లకు భవానీపట్నా దగ్గర. ఆ కాలేజీని ఎంపికల జాబితాలో అడుగున పెట్టకండి. బరంపురం వాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇదే విశ్వవిద్యాలయానికి చెందిన మత్స్య కళాశాల పక్కనే రంగెయిలుండలో ఉంది. నాలుగేళ్ల ఫిషరీస్ డిగ్రీ ఏజీ బీఎస్సీకి తీసిపోయేది కాదు. సముద్రం, చిలికా సరస్సు, రొయ్యల చెరువులు అన్నీ దగ్గరగా ఉన్న పిల్లలకు నేనైతే మొదట దీన్నే చెబుతాను.

రెండో దారి ఐసీఏఆర్ కోటా. ఇది మన సరిహద్దు పిల్లలకు వరం లాంటిది, అయినా ఎక్కువమందికి తెలియదు. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో 20 శాతం సీట్లు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) జాతీయ స్థాయిలో నింపుతుంది. దీనికి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ సీట్లకు లోకల్, నాన్ లోకల్ పట్టింపు లేదు. అంటే పర్లాకిమిడి అమ్మాయి ఆంధ్రలోని ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుని తెలుగు నేల మీద చదవాలంటే తలుపు ఇది. పైగా సొంత రాష్ట్రం దాటి వెళ్లి చేరినవారికి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఉంది, డిగ్రీ వాళ్లకు నెలకు 2,000 రూపాయలు ఇస్తూ వచ్చారు. మీ నివాసం ఒడిశా కాబట్టి ఆంధ్రలో చేరినా మీరు రాష్ట్రం దాటినట్టే లెక్క. పూసాలోని రాజేంద్రప్రసాద్ కేంద్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఝాన్సీలోని రాణీ లక్ష్మీబాయి కేంద్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం సీట్లు మొత్తం ఈ దారిలోనే నిండుతాయి.

మూడో దారి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రవేశ పరీక్ష, ఏపీ ఈఏపీసెట్. మొదటి మెట్టులో నాలుగేళ్ల లెక్క సరిపోయినవాళ్లకే. నైరా వ్యవసాయ కళాశాల శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది, మనకు కొద్ది గంటల దూరమే. దగ్గరగా ఉందని ఆశపడి అర్హత చూసుకోకుండా ఏడాదంతా ఈ ఒక్క పరీక్షకే చదివిన పిల్లల్ని చూసి బాధపడ్డాను.

నాలుగోది ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. పర్లాకిమిడి దగ్గరే సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. స్వామినాథన్ పేరిట వ్యవసాయ కళాశాల ఉంది. ఇంటి నుంచి వెళ్లి చదువుకోవచ్చన్నది ఆడపిల్లల తల్లిదండ్రులకు పెద్ద ఊరట. ప్రైవేటులో ఏ కాలేజీ అయినా సరే, ఫీజు అడిగేటప్పుడు మొదటి ఏడాది అంకె అడగకండి. నాలుగేళ్లకు హాస్టల్, పరీక్ష ఫీజు, చివరి ఏడాది గ్రామాల పని ఖర్చుతో కలిపి మొత్తం ఎంతో రాసిమ్మనండి.

సబ్జెక్టుల గురించి: ఇంకా పదో తరగతిలో ఉంటే బయాలజీ వదలకండి. ఈఏపీసెట్‌లో వ్యవసాయ విభాగం బైపీసీ వాళ్లది. లెక్కలు చదివినవాళ్లకు కొన్నిచోట్ల అవకాశం ఉన్నా అది ఏడాదికోసారి మారుతుంటుంది. బయాలజీ ఉంటే ఏ తలుపూ మూసుకోదు.

4. డబ్బు కట్టేముందు గుర్తింపు చూడండి

ఇది దాటవేయడానికి వీల్లేని మెట్టు. బోర్డు మీద అగ్రికల్చర్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ డిగ్రీకి ఐసీఏఆర్ గుర్తింపు ఉన్నట్టు కాదు. గుర్తింపు లేని ప్రైవేటు కాలేజీలో చదివితే తర్వాత ఐసీఏఆర్ కోటాలో పీజీకి, కొన్ని ఉద్యోగ నోటిఫికేషన్లకు దారి మూసుకుపోతుంది. నాలుగేళ్లు, లక్షల రూపాయలు పోసాక తెలిసేకంటే ఇప్పుడే అరగంట కూర్చోండి.

ఎలా చూడాలంటే: ఐసీఏఆర్ వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన సంస్థల జాబితా ఉంటుంది. అందులో విశ్వవిద్యాలయం పేరు కనిపించగానే ఆగకండి. మీరు చేరే క్యాంపస్, మీరు చేరే కోర్సు, ఎప్పటివరకు చెల్లుతుందన్న తేదీ, ఈ మూడూ చూడాలి. ఒకే విశ్వవిద్యాలయానికి రెండు క్యాంపస్‌లు ఉండి ఒకదానికే గుర్తింపు ఉండవచ్చు. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అని కాలేజీవాళ్లు చెబితే, వచ్చాకే చేరతామని చెప్పండి.

కాలేజీకి స్వయంగా వెళ్లి పొలం చూడండి. భవనం తర్వాత చూడొచ్చు. పిల్లలు పండించే మడులు ఎక్కడున్నాయి, నీరెక్కడిది, ఇప్పుడు ఏ పంట ఉంది అని అడగండి. చూపించడానికి ఎవరూ ముందుకు రాకపోతే అదే మీకు సమాధానం.

5. పరీక్ష

దీని గురించి చెప్పేవాళ్లు వీధికొకరు ఉన్నారు, నేను కొంచెమే చెబుతాను. సీయూఈటీలో సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. తెలుగు, ఒడియా సహా 13 భాషల్లో ప్రశ్నపత్రం ఉంటుంది. ఒడియా మీడియంలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు "మా భాష కదా" అని తెలుగు పత్రం ఎంచుకుంటారు. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో అప్పుడు వెతుక్కుంటారు. మీరు ఏ భాషలో పాఠం చదివారో అదే ఎంచుకోండి.

దరఖాస్తులో ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు బయాలజీ పెట్టారో లేదో, విశ్వవిద్యాలయాల జాబితాలో ఐసీఏఆర్ ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూడండి. ఒక సబ్జెక్టు టిక్ పెట్టకపోతే ఆ పరీక్షే ఉండదు.

6. కౌన్సెలింగ్

సీయూఈటీ రాసేస్తే సీటు దానంతట అదే రాదు. ఐసీఏఆర్ కౌన్సెలింగ్ పోర్టల్‌లో వేరుగా రిజిస్టర్ కావాలి, ఫీజు కట్టాలి, ఎంపికలు పెట్టాలి. మన పిల్లలు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. ఫలితాలు వచ్చాక ఫోన్ పక్కన పెట్టి బంధువుల ఊరు వెళ్లిపోతారు. తిరిగి వచ్చేసరికి గడువు అయిపోతుంది.

ఎంపికలు పెట్టేటప్పుడు ఇంట్లో అందరూ కూర్చుని ముందు కాగితం మీద వరస రాయండి, తర్వాత ఫోన్‌లో పెట్టండి. నిజంగా వెళ్లగలిగినవే పెట్టండి, కానీ భయంతో మూడింటితో ఆపకండి. లాక్ చేశాక ఆ పేజీని పీడీఎఫ్ చేసి దాచుకోండి.

ఓయూఏటీలో సీటు వచ్చి, ఐసీఏఆర్ రౌండ్లు ఇంకా నడుస్తుంటే ఏం చేయాలని అడుగుతారు. ముందు వచ్చినదాంట్లో చేరండి. ఒరిజినల్స్ ఇచ్చేముందు ప్రతిదానికీ నాలుగు అటెస్టెడ్ నకళ్లు తీసుకోండి. మానేస్తే ఎంత డబ్బు, ఏ తేదీలోపు తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా చూసుకోండి. చేతిలో ఉన్న సీటు వదిలి రానిదాని కోసం ఎదురుచూడటం నాకు నచ్చదు.

ఎక్కడా రాకపోతే పదో తరగతి తర్వాతి వ్యవసాయ డిప్లొమాలు ఉన్నాయి. ఆంధ్రలో వ్యవసాయ పాలిటెక్నిక్ చేసినవాళ్లకు అగ్రిసెట్ అనే పరీక్ష ద్వారా డిగ్రీకి దారి ఉంది. ఓయూఏటీకీ ఆగ్రో పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. రెండు మూడేళ్లు ఆలస్యమైనా పొలం పని తెలిసి వచ్చిన ఆ పిల్లలు క్లాసులో ముందుంటారు.

7. మొదటి సెమిస్టర్‌లో తడబడకుండా

చేరాక మొదటి టెన్షన్ ఇంగ్లిష్. పాఠాలు, పుస్తకాలు అన్నీ ఇంగ్లిష్‌లోనే. దీనికి నేను చెప్పే మందు ఒక్కటే. రెండువందల పేజీల నోటుబుక్ కొని నాలుగు గడులు గీయండి. తెలుగు, ఒడియా, ఇంగ్లిష్, శాస్త్రీయ నామం. ఇంట్లో తెలిసిన పంటలతో మొదలుపెట్టండి. మనం చోళ్లు అంటాం, ఒడియాలో మాండియా. మినుములు బిరి, పెసలు ముగ, ఉలవలు కొలథ, నువ్వులు రాశి. రోజుకు ఐదు రాస్తే సెమిస్టర్ అయ్యేలోపు ఐదువందలు దాటుతాయి. ఈ నోటుబుక్ చివరి ఏడాది మళ్లీ పనికొస్తుంది, పారేయకండి.

రెండోది లెక్కలు. బైపీసీ పిల్లలు ఎరువుల లెక్క దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. ఒకసారి నాతో చేయండి. హెక్టారుకు నత్రజని 80, భాస్వరం 40, పొటాష్ 40 కిలోలు ఇవ్వాలి. డీఏపీ, యూరియా, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఉన్నాయి. డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం. ముందు భాస్వరం నుంచి మొదలుపెట్టాలి. 40ని 100తో గుణించి 46తో భాగిస్తే సుమారు 87 కిలోల డీఏపీ. ఆ 87 కిలోల్లోనే 15.7 కిలోల నత్రజని వచ్చేసింది. 80లోంచి దాన్ని తీసేస్తే 64.3 మిగిలింది. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి దాదాపు 140 కిలోల యూరియా. మ్యూరేట్‌లో 60 శాతం పొటాష్, కాబట్టి సుమారు 67 కిలోలు.

ఎక్కువమంది చేసే తప్పు డీఏపీలోని నత్రజనిని మరిచిపోయి 174 కిలోల యూరియా రాయడం. పరీక్షలో మార్కు పోతుంది, పొలంలో అయితే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, తెగులు పడుతుంది. రెండో తప్పు హెక్టారు లెక్కను ఎకరానికి చెప్పేయడం. హెక్టారు అంటే 2.47 ఎకరాలు. ఎకరానికి కావాలంటే 140ని 2.47తో భాగించాలి, 57 కిలోలు వస్తుంది. సరిచూసుకోవాలంటే వెనక్కి రండి: 140లో 46 శాతం, 87లో 18 శాతం కలిపితే 80 రావాలి. మన రైతులు కొలతలు సెంట్లలో చెబుతారు, ఒడిశా పట్టాలో డిసిమిల్ అని ఉంటుంది. రెండూ ఒకటే, ఎకరంలో నూరో వంతు.

మూడోది హెర్బేరియం, అంటే ఎండబెట్టి అట్టల మీద అతికించిన మొక్కల సేకరణ, ఇంకా పురుగుల పెట్టె. ఆఖరి వారం పరుగులు పెట్టకుండా జూలై నుంచే మొదలుపెట్టండి.

కలుపు మొక్కను వేరుతో సహా, పువ్వు ఉన్నప్పుడు తీయాలి. మట్టి కడిగి, పాత పేపర్ల మధ్య పరిచి బరువు పెట్టాలి. మొదటి నాలుగైదు రోజులు రోజూ పేపరు మార్చాలి. వానాకాలంలో ఇది మరిచిపోతే బూజు పట్టి అంతా నల్లబడుతుంది. తుంగ, గరిక, ఊద, వయ్యారిభామ మీ ఇంటి చుట్టూనే దొరుకుతాయి. వయ్యారిభామను వట్టి చేతులతో పట్టుకోకండి, దురద, ఎలర్జీ వస్తాయి. ప్రతి అట్ట మీద స్థానిక పేరు, శాస్త్రీయ నామం, కుటుంబం, సేకరించిన ఊరు, తేదీ రాయాలి. ఎండిందో లేదో తెలియాలంటే కాడ పట్టుకుని ఎత్తండి. నిలువుగా నిలబడితే ఎండింది, వాలిపోతే ఇంకా తడి ఉంది.

పురుగులకు సూది గుచ్చే చోటు ముఖ్యం. పెంకు పురుగులకు కుడి ముందు రెక్క మీద, సీతాకోకచిలుకలకు ఛాతీ మధ్యలో గుచ్చాలి. నడి వీపున గుచ్చిన పెంకు పురుగును చూడగానే మాస్టారు రికార్డు పక్కన పెట్టేస్తారు. చంపే సీసాలో ఇథైల్ ఎసిటేట్ చుక్కలు దూదిపై వేస్తే చాలు. గాలి ఆడే చోట మూత తీయండి, ఇంట్లో చిన్నపిల్లలకు అందకుండా ఉంచండి. పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు పెట్టకపోతే చీమలు రెండు రాత్రుల్లో కాళ్లు, మీసాలు తినేస్తాయి.

హాజరు గురించి ఒక్క మాట. ఇంటికి దగ్గరగా ఉన్న పిల్లలే ఎక్కువ సెలవులు పెడతారు. ఊళ్లో పండగ, చెల్లి ఓణీల ఫంక్షన్, నాన్నకు నాట్లు. ప్రాక్టికల్ క్లాసు పోతే మళ్లీ రాదు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు.

8. చివరి ఏడాది గ్రామంలో

చివరి ఏడాదిలో గ్రామీణ వ్యవసాయ అనుభవం పేరుతో ఒక ఊళ్లో ఉండి రైతులతో పనిచేయాలి. మన పిల్లలు వెలిగేది ఇక్కడే. గజపతి జిల్లా కొండల్లో సవర గిరిజన రైతు, కింద పల్లంలో ఒడియా రైతు, పక్క ఊళ్లో తెలుగు రైతు. భువనేశ్వర్ నుంచి వచ్చిన క్లాస్‌మేట్‌కు రెండు నెలలు పట్టే పరిచయం మీకు ఒక సాయంత్రం పడుతుంది. ఆ నాలుగు గడుల నోటుబుక్ ఇప్పుడు తీయండి, ఐదో గడి గీసి సవర పేర్లు రాయండి.

ఊరి సర్వే చేసేటప్పుడు ప్రశ్నల కాగితం చేతిలో పట్టుకుని మొదటి రోజే ఇంటింటికీ తిరగకండి. "ఎరువు ఎంత వేస్తారు" అని అడిగితే సబ్సిడీ వాళ్లు వచ్చారనుకుని వేసినదానికి రెట్టింపు చెబుతారు. మొదటి మూడు రోజులు పనిలోకి దిగండి, నాట్లు వేయండి, కళ్లంలో నూర్చండి. తర్వాత అడగండి. సరిచూసుకోవడానికి ఇంకో ప్రశ్న వేయండి: "పోయిన ఏడాది ఎన్ని బస్తాలు కొన్నారు?" బస్తాలను ఎకరాలతో భాగిస్తే మొదటి జవాబు నిజమో కాదో తెలుస్తుంది.

విత్తనాల గురించి అడగడం మరవకండి. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ జిల్లాకే చెందిన కమలా పూజారి దేశవాళీ వరి విత్తనాలు దాచిపెట్టినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. మీరు ఉన్న ఊళ్లో కూడా అటక మీద కుండలో ఏ వరి ఉందో ముసలమ్మలకే తెలుసు. మీ రిపోర్టులో ఆ పేజీ ఒక్కటి బాగా రాస్తే వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, దాని గురించే అడుగుతారు.

9. ఉద్యోగం ముందు ఒక కాగితం

ఇది చివర చెప్పినా మొదటి ఏడాదిలోనే చేయాల్సిన పని. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. ఏడో తరగతి లేదా ఆపైన ఒడియా ఒక భాషగా పాసైనట్టు రుజువు అడుగుతారు. తెలుగు మీడియంలోనో, ఆంధ్రలోనో, ఇంగ్లిష్ మీడియంలో ఒడియా లేకుండానో చదివినవాళ్ల దగ్గర ఈ రుజువు ఉండదు. ఇంట్లో చక్కగా ఒడియా మాట్లాడే పిల్లలు కూడా వ్యవసాయ అధికారి దరఖాస్తు దగ్గర ఆగిపోతారు.

మీ ఏడో తరగతి, పదో తరగతి మార్కుల జాబితా తీసి ఒడియా అనే గీత ఉందేమో ఇవాళే చూడండి. ఉంటే నకలు తీసి ఫైలులో పెట్టండి. లేకపోతే ఎంఈ స్థాయి, అంటే ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాస్ కావచ్చు. దాని ప్రకటన ఎప్పుడు వస్తుందో మీ ఊరి హైస్కూల్ హెడ్మాస్టర్‌ను అడగండి. సెలవుల్లో అక్షరాలు దిద్దడం మొదలుపెడితే డిగ్రీ అయ్యేలోపు ఆ సర్టిఫికెట్ మీ చేతిలో ఉంటుంది.